మూతలో చిల్లు

నేను యెజ్డీ రోడ్‌కింగ్‌ని. పుట్టింది మైసూరులో, ఐడియల్ జావా ఫ్యాక్టరీలో. పొగ ఊదిందీ, వానలో నానిందీ మాత్రం కలకత్తాలో. మా అయ్యగారిది శ్రీకాకుళం వైపు. గార్డెన్ రీచ్‌లోని ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయంలో గుమాస్తా. వాళ్ల తాత బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లోనే ఖరగ్‌పూర్‌లో దిగాడట.

నాకు కిక్కూ గేరూ ఒకటే కడ్డీ, అదీ ఎడమపక్క. లోపలికి నొక్కి వెనక్కి తిప్పితే కిక్కు, ముందుకు తెస్తే గేరు. కొత్తవాళ్లు కుడిపక్క వెతుక్కుంటూ ఉంటే నాకు భలే సరదా. టూ స్ట్రోక్‌ని కాబట్టి పెట్రోల్లోనే ఆయిలు కలిపి పోయాలి. ఆయిలు ఎక్కువైతే ప్లగ్గు నల్లగా, జిడ్డుగా తేలుతుంది. ఇటుకరాయి రంగులో ఉంటే ఒంట్లో బాగున్నట్టు.

1996లో మైసూరు ఫ్యాక్టరీ మూతపడింది. అక్కడినుంచి నా బతుకు మల్లిక్‌బజార్ మీదే. పార్క్ స్ట్రీట్ వచ్చి సర్క్యులర్ రోడ్డుని కలిసేచోట పాత సామాన్ల బజారది. పక్కనే మైకేల్ మధుసూదన్ దత్తు పడుకున్న శ్మశానం. అటు మనుషులు, ఇటు విప్పేసిన బళ్లు.

ఒక ఏడాది వానలకి ఖిదిర్‌పూర్‌లో మోకాళ్ల లోతు నీళ్లు నిలిచాయి. ఆ వారమే నాకు జబ్బు పట్టుకుంది. పొద్దున ఒక్క కిక్కుకే లేచేదాన్ని. పావుగంట నడిచాక సరిగ్గా రేస్‌కోర్సు దగ్గర గొంతు పట్టేసినట్టు ఆగిపోయేదాన్ని. అయ్యగారు దిగి, మూత తీసి, పెట్రోలు ఉందని చూసుకుని, మూత పెట్టి, కాసేపు ఆగి కిక్కు కొట్టేవారు. లేచేదాన్ని. ఇంకో పావుగంటకి మళ్లీ అదే కథ.

"వేడెక్కుతోంది, చల్లారాక లేస్తోంది" అన్నాడు వీధి చివర మెకానిక్కు. ప్లగ్గు మార్చాడు. ఇంకొకాయన పాయింట్లు రుద్ది, కండెన్సరు కొత్తది వేశాడు. మూడో ఆయన సైలెన్సర్లు రెండూ విప్పి బొగ్గు గీకించాడు. ఆ బొగ్గు ఎప్పుడో తీయాల్సిందే అనుకోండి, జబ్బు మాత్రం అది కాదు. ఇంట్లో అమ్మగారు, "ఏమండీ, దీనికి పెట్టిన డబ్బుతో కొత్త స్కూటరొచ్చేది" అన్నారు. నాకు నోరుంటేనా!

చివరికి మల్లిక్‌బజార్‌లో ఒక ముసలి ఉస్తాద్ దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన స్పానరు ముట్టుకోలేదు. "దాదా, నడపండి, నేను వెనకాల కూర్చుంటా" అన్నాడు. నేను ఆగాను. అయ్యగారు అలవాటుగా మూతమీద చెయ్యి వేయబోతే ఉస్తాద్ పట్టుకున్నాడు. తన చెవి ట్యాంకుకి ఆనించి, మూత నెమ్మదిగా తిప్పాడు. సుయ్‌మని గాలి లోపలికి పోయింది.

మూత తిరగేసి గోటితో గీకితే తెల్లగా ఏదో రాలింది. వాసన చూసి ఉస్తాద్ పకపకా నవ్వాడు. బట్టల సబ్బు! వరద రోజుల్లో కార్బొరేటర్ గిన్నె అడుగున నీటిబొట్టు పూసలా దొర్లడం చూసి, వాన దిగుతున్నది మూతలోని గాలి చిల్లులోంచేనని అయ్యగారే మెత్తారు. నీళ్లు ఆగాయి, గాలీ ఆగింది. పెట్రోలు తగ్గినకొద్దీ దాని చోటుకి గాలి రావాలి. రాకపోతే ట్యాంకు పెట్రోల్ని వదలదు. ఆగిన ప్రతిసారీ నన్ను బాగుచేసింది చల్లారడం కాదు, ఆ మూత తీయడం.

ఉస్తాద్ సన్న తీగతో చిల్లు పొడిచి ఒక టీ మాత్రం తాగాడు. డబ్బు తీసుకోలేదు.

మీ పాతబండీ ఇలాగే కాసేపు నడిచి ఆగుతోందా? ప్లగ్గు కొనబోయే ముందు ఒక్కసారి మూత దగ్గర చెవి పెట్టండి. చేతిలో బీడీ ఉంటే మాత్రం ముందు అది పారేయండి.