డోలీకి బోర్డింగ్ పాస్ ఎవరిస్తారు?

విశాఖ నుంచి హైదరాబాద్‌కు విమానంలో గంటంపావు. ఢిల్లీకి రెండుంపావు. శుభం! మరి అనంతగిరి కొండల మీది గూడెం నుంచి, కింద తారు రోడ్డు మీద ఆగిన 108 దాకా ఎంతసేపు? ఏ యాప్ చెబుతుంది?

అది మోసే భుజాలను బట్టి ఉంటుంది. గెడ్డ పొంగిందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. డోలీ అంటే గట్టి కర్ర ఒకటి, దానికి కట్టిన దుప్పటి ఒకటి. లోపల నొప్పులు పడుతున్న నిండు చూలాలు. దిగుడు వచ్చిందంటే బరువంతా ముందువాళ్ల మీదికి జారుతుంది. గెడ్డలో నీళ్లు దుప్పటికి తగలకుండా కర్రను పైకెత్తాలి. వెంట నడిచేవాళ్లు భుజం మార్చడానికి సిద్ధంగా ఉండాలి. ఇదీ మన మన్యం ఎయిర్ అంబులెన్సు! సీటు బెల్టు లేదు. 'ఆలస్యానికి చింతిస్తున్నాం' అనే ప్రకటన అసలే లేదు.

2017 గుర్తుందా? భలే ఏడాది! ఉడాన్ విమానాలు మొదలయ్యాయి. హవాయి చెప్పులేసుకున్నవాడు కూడా విమానమెక్కాలన్నారు ప్రధాని. గంట ప్రయాణానికి 2,500 రూపాయలన్నారు. చెప్పులున్నవాడి సంగతి తేలింది బాబూ, చెప్పుల్లేనివాడు ఏమెక్కాలి? ఆ ఏడాదే పారిస్‌లో అరకు కాఫీ కొట్టు తెరిచారు. ఇక్కడికి దాదాపు 7,800 కిలోమీటర్లు. గింజ అక్కడిదాకా పోయింది. పండించినామెకు పీహెచ్‌సీ అందదు. ఆ ఏడాదే అరకులో అంతర్జాతీయ బెలూన్ పండగ. గాల్లో తేలడానికి అనుమతులు వచ్చాయి. నేల మీద నాలుగు తట్టల కంకర పోయాలంటే మాత్రం అటవీ అనుమతి అడ్డం! అడవి మీద ఎంత ప్రేమో!

ఇక భోగాపురం. 2019 ఫిబ్రవరిలో చంద్రబాబు శంకుస్థాపన. 2023 మేలో జగన్ మళ్లీ శంకుస్థాపన. ఒకే ఎయిర్‌పోర్టుకు రెండు రాళ్లు! రాళ్ల కరువు గూడెం దారికేనా? పైగా దానికి అల్లూరి పేరు. ఆయన 1922లో ఎందుకు తిరగబడ్డాడో ఈ పెద్దలకు తెలుసా? గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్, కొండజనం చేత ఘాట్ రోడ్డు పని చేయించి కూలి ఎగ్గొట్టాడు. ఆ మంట కూడా ఆ తిరుగుబాటులో ఉంది. తెల్లోళ్ల సర్కారు రోడ్డేసి కూలి తినేసింది. మన సర్కార్లకు ఆ పాపం అంటదు. రోడ్డే వేయవు!

అన్యాయంగా మాట్లాడకూడదు. 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగుడ మండలం పెదపాడులో పవన్ కల్యాణ్ 'అడవితల్లి బాట' మొదలుపెట్టారు. 1,005 కోట్లన్నారు. డోలీ మోతలు ఉండవన్నారు. మంచిమాట. కొండజనం ఇలాంటి మంచిమాటలు ఎన్ని వినలేదు! బిల్లులో రోడ్డుంటుంది, వానకు కొట్టుకుపోయిందని రికార్డులో ఉంటుంది. కాలికి మాత్రం బురదే తగులుతుంది.

అందుకే ఒక చిన్న మనవి. రోడ్డు పూర్తయిందని సంతకం పెట్టేముందు, అయ్యలారా, శ్రావణంలో ఒక్క రాత్రి ఆ దారిన డోలీలో దిగండి. మోసే నలుగురికీ కూలి మాత్రం ముందే చేతిలో పెట్టండి.