లష్కర్ గడియారం గోడు

నేను సిపాయిల ఊరి గడియార స్తంభాన్ని. 1798 ఒప్పందంతో నిజాం ఖర్చు మీద దిగిన ఇంగ్లీషు పటాలం హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన మకాం వేసింది. 1806లో ఆ మకాంకు నిజాం సికందర్ జా పేరు మీద సికందరాబాద్ అని పేరు పెట్టారు. జనం మాత్రం లష్కర్ అనే పిలుచుకున్నారు.

120 అడుగుల నన్ను 1897 ఫిబ్రవరి 1న ఇంగ్లీషు రెసిడెంట్ ప్లౌడెన్ దొర ప్రారంభించాడు. పేరు దొరది, గడియారం మాత్రం సేఠ్ లక్ష్మీనారాయణ రాంగోపాల్ ఇచ్చింది! నాకింకా ఏడో నెల నడుస్తుండగానే, ఆగస్టు 20న, రోనాల్డ్ రాస్ అనే మిలిటరీ డాక్టరు దోమ పొట్టలో మలేరియా క్రిమిని పట్టుకున్నది కూడా ఈ ఊళ్లోనే. అవి నా మంచి రోజులు. టైము కావాలంటే తలెత్తి నన్నే చూసేవాళ్లు.

తర్వాత చేతికి వాచీలొచ్చాయి, జేబులోకి సెల్లులొచ్చాయి. నా నాలుగు ముఖాలు నాలుగు టైములు చూపించిన రోజులూ ఉన్నాయి. రిపేరుకని ఎవరో వస్తారు, ముల్లు కదుపుతారు, ఫొటో దిగి పోతారు. మళ్లీ పావురాలే దిక్కు. ఓసారైతే రోడ్డు వెడల్పు కోసం నన్ను పడగొడదామనుకున్నారు కూడా. ట్రాఫిక్‌కు అడ్డమట! ఈ ట్రాఫిక్ రాకముందు నుంచీ నిలబడ్డదాన్ని, నేను అడ్డమా?

ఊరికి మాత్రం ఓ సీజనుంది, ఆషాఢం. ఉజ్జయిని మహంకాళి బోనాలకు ఊరు ఊరంతా కదులుతుంది. ఆ గుడి కూడా పటాలం చలవే. 1813లో కలరా వచ్చినప్పుడు, పటాలంలో డోలీ మోసే సురిటి అప్పయ్య ఉజ్జయినిలో మొక్కుకుని, తిరిగొచ్చి అమ్మవారిని నిలిపాడంటారు.

జాతర అయిపోయాక, భాద్రపదంలో ఓ సాయంత్రం, జపాన్‌లో ఉద్యోగం చేసే అమ్మాయి తాతతో వచ్చింది.

"బోనాలకు రాకపోతివి బిడ్డా. ఇప్పుడేముంది ఈడ?"

"జనం లేనప్పుడే ఊరు కనబడుతది తాతా. అక్కడ కాకునొదాతె అని సమురాయిల ఊరుంది, 1620 నాటిది. అందరూ చెర్రీ పూలకని ఏప్రిల్‌లో పోతారు. నేను పూలు రాలినంక పోయిన. నల్ల చెక్కల దడులు, పాత ఇండ్లు, తీరిగ్గా చూసిన. ఆ ఇండ్లను ఎంత భద్రంగా పెట్టుకున్నరో!"

తాత నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. నా తూర్పు ముఖం మూడున్నర చూపిస్తోంది. అసలు టైము ఐదు దాటింది.

"నడు బిడ్డా, బస్సు పోతది" అన్నాడు, చేతి వాచీ చూసుకుని.