తరిగే విమానం, తరగని పైలట్

మన ఆదాయపు పన్ను చట్టానికి విమానమంటే మహా మమకారం. కంపెనీ విమానం కొన్నదో లేదో, అయ్యో అరిగిపోతోందే అని దానికి బెంగ పట్టుకుంటుంది. మామూలు యంత్రాలకు ఏడాదికి 15 శాతం తరుగుదల రాసుకోమన్న చట్టం, విమానానికి 40 శాతం రాసుకోమంది. ఆ లెక్కన మూడేళ్లు తిరిగేసరికి ఖాతా పుస్తకాల్లో విమానం విలువ అయిదో వంతుకు దిగుతుంది. ఆకాశంలో మాత్రం అది నిక్షేపంగా ఇంకో ఇరవై ఏళ్లు ఎగురుతుంది. దాని ముందు సీట్లో కూర్చునే మనిషి మీద మాత్రం ఈ చట్టానికి ఏ బెంగా లేదు. అతని చేతికి ఆ విద్య రావడానికి ఇంట్లోవాళ్లు అరకోటి దాకా పోసి ఉంటారు. అందులో ఒక్క రూపాయి కూడా జీతం లెక్కలో తీసేయడానికి వీల్లేదు. చట్టం దృష్టిలో పైలట్ అరగడు, తరగడు. అసలు కొన్న ధర ఉంటే కదా తరగడానికి!

ఆ ధర ఎక్కడ పుడుతుందో చూద్దాం. ఇంటర్‌లో ఫిజిక్సు, లెక్కలు గట్టెక్కాక 200 గంటలు ఎగిరితే గాని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కమర్షియల్ లైసెన్సు ఇవ్వదు. నాదర్‌గుల్‌లో నేర్చుకున్నా రాయ్‌బరేలీలో నేర్చుకున్నా గంట గంటే, గంటకింత రుసుమే. లైసెన్సు వచ్చినంత మాత్రాన పెద్ద విమానం తాళాలు ఎవరూ ఇవ్వరు. ఎయిర్‌బస్ 320 నడపాలంటే దానికొక టైప్ రేటింగ్, బోయింగ్ 737కి మారాలంటే మరొకటి. అదీ లక్షల్లోనే. ఇన్ని దాటి ఉద్యోగంలో చేరినవాడికి చట్టం ఇచ్చేది స్టాండర్డ్ డిడక్షన్: కొత్త పన్ను పద్ధతిలో 75 వేలు, పాత పద్ధతిలో 50 వేలు. కుర్చీలోంచి లేవకుండా ఫైళ్లు చూసే ఉద్యోగికీ అంతే. పాత పద్ధతిలో ఉంటే ఇంకో వరం కూడా ఉంది. తెలంగాణలో గాని ఆంధ్రలో గాని అతని జీతం చీటీలో నెలకు 200 చొప్పున వృత్తి పన్ను కోత కనిపిస్తుంది. ఏడాదికయ్యే ఆ 2,400 రూపాయలను ఆదాయంలోంచి దర్జాగా తీసేసుకోవచ్చు. అంటే వృత్తి చేస్తున్నందుకు కట్టిన వేలు ఖర్చు. వృత్తి నేర్చుకోడానికి కట్టిన లక్షలు సరదా.

పూర్తిగా దారి మూశారనడం అన్యాయం. 1961 నాటి చట్టం 80ఇ అని పేరు పెట్టిన కిటికీ ఒకటి ఉంది. చదువు కోసం బ్యాంకులో అప్పు చేస్తే దాని మీద కట్టిన వడ్డీని, ఎంతయినా సరే, ఎనిమిదేళ్ల వరకు ఆదాయంలోంచి మినహాయించుకోవచ్చు. ఏడాదికి అయిదున్నర లక్షలు వడ్డీ కట్టేవాడికి 30 శాతం శ్లాబులో, సెస్సుతో కలిపి, లక్షా డెబ్బై వేల పైచిలుకు పన్ను తగ్గుతుంది. కాకపోతే ఆ కిటికీ పాత పద్ధతి గోడకే ఉంది, కొత్త పద్ధతికి లేదు. పైగా అసలు తీర్చినదానికి మినహాయింపు లేదు, వడ్డీకే. కొడుకు పైలట్ కావాలని పొలం అమ్మి ఫీజు కట్టిన నాన్నకు నమస్కారం; అదే పొలం బ్యాంకుకు తాకట్టు పెట్టి ఉంటే కొడుక్కి పన్ను మిగిలేది. 2025లో చట్టాన్ని కొత్తగా తిరగరాసి సెక్షన్ల నంబర్లన్నీ మార్చారు. జీతగాడి కోతల జాబితాలోకి శిక్షణ ఖర్చు అప్పుడూ రాలేదు.

దీనికి పన్ను పండితుల దగ్గర జవాబు లేకపోలేదు. లైసెన్సు అన్నది జీవితాంతం పనికొచ్చే ఆస్తి, సంపాదన మొదలవకముందు పెట్టిన పెట్టుబడి, దాన్ని ఏడాది ఖర్చుగా ఎలా ఒప్పుకుంటాం అంటారు. మంచి వాదనే. కాని అదే చట్టం వ్యాపారస్థుడు కొన్న లైసెన్సులకు, పేటెంట్లకు ఏటా 25 శాతం తరుగుదల ఇచ్చింది. ఆస్తి అయితే తరగాలి, ఖర్చు అయితే తగ్గాలి. ఏదో ఒకటి కావాలి గదా! పోనీ, ఇదసలు చదువే కాదేమో అనుకుందామంటే, డీజీసీఏ ఆమోదం ఉన్న ఫ్లయింగ్ స్కూళ్ల ఆమోదిత కోర్సులకు జీఎస్టీ లేదని 2024 సెప్టెంబరులో జీఎస్టీ కౌన్సిలే తేల్చింది. ఒక పన్ను శాఖకు చదువుగా కనబడినది పక్క శాఖకు కనబడదు.

అయినా మొదటి లైసెన్సు ఖర్చును నేను వదిలేస్తాను. దాన్ని ఒప్పుకుంటే మెడిసిన్ సీటు, ఐఏఎస్ కోచింగు, ఇంగ్లీషు క్లాసు వరసగా వచ్చి నిలబడతాయని శాఖ భయం, అందులో నిజముంది. నేనడిగేది ఉద్యోగంలో ఉండగా, ఆ ఉద్యోగం కోసమే, సొంత డబ్బుతో చేసుకున్న శిక్షణ గురించి. ఇక్కడ గీత గీయడం అసాధ్యమేమీ కాదు. ఆస్ట్రేలియాలో ఒక విమాన సంస్థ ఫ్లైట్ ఇంజినీరు తన పని ఇంకా బాగా చేయడానికి సొంతంగా విమానం నడపడం నేర్చుకుంటే, 1991లో అక్కడి ఫెడరల్ కోర్టు ఆ ఖర్చును ఒప్పుకుంది. అమెరికాలోనూ ఉన్న వృత్తిలో నైపుణ్యం పెంచే చదువు ఖర్చు చెల్లేది, కొత్త వృత్తిలోకి చేర్చేది చెల్లేది కాదు. జీతగాళ్లకు ఆ సౌకర్యాన్ని అమెరికా 2018 నుంచి ఆపేసి, 2025లో శాశ్వతంగా తీసేసింది కదా అంటారా? నిజమే. మన దగ్గర అసలు ఇవ్వనేలేదు కనుక తీసేసే శ్రమ కూడా తప్పింది. మన దేశంలోనే కాంట్రాక్టు మీద పనిచేస్తూ తన రాబడిని వ్యాపార ఆదాయంగా చూపించే పైలట్, సిమ్యులేటర్‌లో రేటింగ్ రెన్యూవల్‌కు పెట్టిన ఖర్చును రాసుకోగలడు. అదే సిమ్యులేటర్ ఖర్చు కంపెనీ పెట్టుకుంటే కంపెనీకీ చెల్లుతుంది. జీతం తీసుకుంటూ జేబులోంచి కట్టినవాడికే చెల్లదు.

లక్షల జీతగాడి మీద ఇంత జాలెందుకు అని మరో మాట వస్తుంది. జాలి పడమని ఎవరూ అడగలేదు. విమానం కొన్నవాళ్లేమీ పైలట్ కన్నా పేదవాళ్లు కారు. ఇక చివరిది, దొంగ బిల్లుల భయం. మావగారి సంతకంతో ఇంటి అద్దె రసీదులు చెల్లిపోతున్న దేశంలో ఆ భయం సహజమే. పైలట్ల దగ్గరా దొంగ కాగితాలు లేకపోలేదు. నకిలీ మార్కుల షీట్లతో లైసెన్సులు సంపాదించినవాళ్లు 2011లో బయటపడ్డారు. కాని అక్కడ అనుమానం మొదలైందే ఒక విమానం ముక్కు చక్రం మీద దిగడంతో. శిక్షణ అబద్ధమైతే రన్‌వే మీద తెలిసిపోతుంది. మావగారి రసీదు మాత్రం ఏటా అన్ని చక్రాల మీదా మెత్తగా దిగుతుంది.