కట్టె రిటైరైంది, డ్యూటీ దిగలేదు

తెలంగాణలో సర్కారు ఉద్యోగి పదవీ విరమణ వయసు 2021లో 58 నుంచి 61కి పెరిగింది. ఈ లెక్కకు అందని ఉద్యోగి ఒకటుంది. అది బడి కట్టె. 2002 ఫిబ్రవరి 18న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 16వ నంబరు జీవో తీసి, విద్యా నియమాలు సవరించి, దాన్ని ఇంటికి పంపింది. శాలువా కప్పలేదు, పూలదండ వెయ్యలేదు, పెన్షన్ ఫైలు కదలలేదు. కదలకపోవడమూ న్యాయమే. డ్యూటీలో ఉన్నవాళ్లకు పెన్షన్ ఇవ్వరు కదా!

మన బషీరాబాద్ అప్పుడు రంగారెడ్డి జిల్లాలో ఉండేది. తర్వాత రాష్ట్రం మారింది, 2016లో జిల్లా మారి వికారాబాద్ అయింది, కలెక్టరాఫీసు దగ్గరికొచ్చింది. సార్లకు బదిలీలు జరిగాయి, టీచరమ్మలకు ప్రమోషన్లు వచ్చాయి. కట్టె మాత్రం బడి బీరువా వెనక అదే మూలన ఉంది. 2009లో పార్లమెంటు విద్యాహక్కు చట్టం చేసి, 17వ సెక్షన్‌లో పిల్లల్ని కొట్టొద్దని, మనసు నొప్పించి వేధించొద్దని రాసింది. అంటే దాన్ని రెండోసారి రిటైర్ చేసిందన్నమాట. ఈ రెంటి మధ్యలో, 2007లో, కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో పిల్లల్ని అడిగింది. ఆ రాష్ట్రాల్లో మనదీ ఒకటి. బడికి పోయే ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నామని చెప్పారు. రిటైరైన ఉద్యోగి ఇంత హాజరు చూపించడం ఏ శాఖలోనూ జరగదు.

దీనికి ఎక్స్‌టెన్షన్ ఆర్డరు ఎవరిస్తున్నారో తెలియాలంటే జూన్‌లో అడ్మిషన్ల నాడు బడి వరండాలో నిలబడితే చాలు. నాపరాయి గనిలో పనిచేసే తండ్రి కొడుకు చెయ్యి పట్టుకొని వస్తాడు. ఆధార్ జిరాక్సు, రెండు ఫొటోలు బల్ల మీద పెడతాడు. పెట్టాక, తాతల నాటి నుంచి ఈ కర్ణాటక సరిహద్దు ఊళ్లలో ఉర్దూలోనే చెప్పుకునే ఒప్పందం చదువుతాడు.

"హడ్డీ హమారీ, చమ్డీ తుమ్హారీ సారూ. బొక్కలు మాయి, తోలు మీది."

"కొట్టొద్దన్నా, కాయిదా ఒప్పదు."

"కాయిదా ఎవలు జూస్తరు సారూ? మీరు కొట్టుండ్రి. నేనేం అడగ."

పొలం గట్టు దగ్గర జానెడు జాగా వదలని ఊళ్లో, బిడ్డ ఒంటి తోలు మొత్తం నోటి మాట మీద రాసిచ్చేయడం ఇక్కడే చూస్తాం. స్టాంపు కాగితం లేదు, సాక్షి సంతకం లేదు, భూమి రికార్డుల ధరణిలో ఎక్కలేదు, దాని తర్వాత వచ్చిన భూభారతిలోనూ ఎక్కదు.

ఆగస్టు వస్తుంది. పిల్లగాడి పిక్క మీద వాత తేలుతుంది. ఇప్పుడు తండ్రి నలుగుర్ని వెంటేసుకొని, ఫోన్‌లో కెమెరా ఆన్ చేసుకొని గేటు దగ్గరికి వస్తాడు. "తోలు అన్నగని, గింత తోలు అన్నన్నా?" అని గట్టిగా అడుగుతాడు. సాయంత్రానికి వీడియో తాండూరు దాటుతుంది, మర్నాటికి సారుకు మెమో వస్తుంది.

అయితే ఈ రెండో ఘట్టం అందరికీ జరగదు. గనిలో పనిచేసే తండ్రి నిజానికి రాడు. వస్తే ఆ రోజు కూలి పోతుంది. కెమెరా పట్టుకొని వచ్చేది లీడరు, లేదా లీడరు తెలిసినవాడు. ఈ సంగతి కట్టెకు మనకంటే బాగా తెలుసు. అడ్మిషన్ రిజిస్టర్‌లో తండ్రి వృత్తి అనే గడి ఒకటుంటుంది. కట్టె లేచే ముందు ఆ గడి చదువుకుంటుంది. బండలు కొట్టేవాడి కొడుకైతే 'క్రమశిక్షణ', కాంట్రాక్టరు కొడుకైతే 'చురుకైన పిల్లవాడు, కొంచెం అల్లరి'.

ఇంతకూ అల్లరి అంటే ఏమిటి? తండా నుంచి వచ్చే పిల్లవాడు ఇంట్లో లంబాడీ మాట్లాడతాడు. బజారులో దక్కనీ, కర్ణాటక వైపు చుట్టాలొస్తే కన్నడం, సారుతో తెలుగు. 2022-23 నుంచి సర్కారు బడిలో చదువు ఇంగ్లిషులోకి మారింది. ఇన్ని భాషల పిల్లవాణ్ని తెచ్చి బెంచీ మీద కూర్చోబెట్టి మనం అడిగే మొదటి మాట, 'నోరు మూసుకో'. వాడికి పాఠం అర్థం కాక పక్కవాణ్ని గిల్లితే అల్లరి. పత్తి తీతకో కంది కోతకో పోయి వారం తర్వాత వస్తే అది క్రమశిక్షణా రాహిత్యం. తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చిందని ఊరంతా సంబరపడ్డాం. ఆ కంది కోసిన చేతికి హోంవర్క్ చెయ్యలేదని స్కేలు తగిలితే ఆ గుర్తింపు ఏ రిజిస్టర్లోనూ పడదు.

సారును మాత్రం ఏమనాలి? 2024 నవంబరులో ఇంటింటి సర్వేకు ప్రైమరీ టీచర్లను పంపి, ప్రైమరీ బళ్లను ఒంటిపూట నడిపాం. సర్వే అయిపోతే ఓటర్ల జాబితా, అది అయిపోతే ఎన్నికలు. మధ్యలో గుడ్లు వచ్చాయా, బియ్యం సరిపోయాయా అన్న లెక్క, పిల్లల ముఖాలు ఫోన్‌కు చూపించి వేసే హాజరు. ఇవన్నీ అయ్యాక మిగిలిన ముప్పావు గంటలో చదువూ సంస్కారమూ రెండూ నేర్పమంటాం. కట్టె లాక్కున్న చేతిలో ఏం పెట్టామని ఎవరైనా అడిగితే ఒక సర్క్యులర్ చూపిస్తాం. అందులో 'ప్రేమతో, ఓర్పుతో' అని ఉంటుంది. ఓర్పు ఏ నెల గ్రాంటులో వస్తుందో అందులో ఉండదు.

కట్టె దొరక్కపోతే మన బడులు ఊరికే ఉండవు, కొత్తవి కనిపెడతాయి. మన తాతల కాలంలో కోదండం, తొడపాశం, గోడకుర్చీ ఉండేవి. వాటికి కనీసం పేర్లున్నాయి. 2017 సెప్టెంబరులో హైదరాబాద్ శివారు ప్రైవేటు బడిలో యూనిఫాం వేసుకు రాలేదని అయిదో తరగతి అమ్మాయిని అబ్బాయిల మూత్రశాలలో నిలబెట్టారు. దానికింకా పేరు పెట్టలేదు. 2024లో ఖమ్మం జిల్లా కల్లూరు మండలంలో జుట్టు పెంచిన పిల్లల తలలకు టీచరే కత్తెర పెట్టి సస్పెండయ్యారు. చట్టంలో కొట్టొద్దని ఉంది, క్షవరం మాట లేదు అనుకున్నారేమో.

ఇక పట్నంలోని ప్రైవేటు బడుల సంగతి వేరు. అక్కడ క్రమశిక్షణ అమ్మకపు సరుకు. ఫ్లెక్సీ మీద 'ఐఐటీ ఫౌండేషన్, డిజిటల్ క్లాస్‌రూమ్, స్ట్రిక్ట్ డిసిప్లిన్' అని ఒకే సైజు అక్షరాల్లో ఉంటుంది. శనివారం తెల్ల బూట్లు లేకపోతే ఫైను. మూడో టర్ము ఫీజు కట్టకపోతే పిల్లను క్లాసు బయట నిలబెడతారు. తండ్రి చేసిన నేరానికి కూతురికి శిక్ష వేసే కోర్టు ఈ దేశంలో ఇంకెక్కడా లేదు. అయినా ఆ బడి ముందు క్యూ తగ్గదు. సర్కారు బడిలో సారు తిడితే దౌర్జన్యం, డబ్బు కట్టిన చోట తిడితే పర్సనాలిటీ డెవలప్‌మెంట్.

కట్టెకు గట్టి అభిమాన సంఘం కూడా ఉంది. పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం అని ఫంక్షన్ హాల్లో జరుగుతుంది కదా, అక్కడ చూడాలి. పాత సారును కుర్చీలో కూర్చోబెట్టి కాళ్లకు మొక్కి మైకు పట్టుకుంటారు. "ఆ రోజు మా సారు కొట్టిన దెబ్బలే నన్ను ఇంతవాణ్ని చేసినయి" అంటారు. చప్పట్లు మోగుతాయి. పాత సారు కళ్లు తుడుచుకుంటారు, ఎందుకో ఆయనకే తెలియాలి. అదే కట్టె కింద అయిదో తరగతిలోనే బడి మానేసినవాళ్లు ఆ హాల్లో ఉండరు. వాళ్లు ఆ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో లేరు, గ్రూప్ ఫొటోలోనూ లేరు. వాళ్లను పిలిచి మైకు ఇస్తే దెబ్బల మహత్యం ఇంకో రకంగా వినపడేది.

ఒకటి మాత్రం నవ్వి దాటేయలేను. 2024 డిసెంబరులో రాయచోటిలో తొమ్మిదో తరగతి పిల్లలతో గొడవైన తర్వాత ఒక ఉపాధ్యాయుడు చనిపోయాడు. సార్లకు క్లాసులోకి పోవాలంటే భయమేస్తోందన్న మాట ఉత్తది కాదు. పోయిన ప్రాణాన్ని ఎవరూ తేలిక చెయ్యకూడదు. కానీ ఆ వార్త రాగానే "కట్టె మళ్లీ తేవాలి" అన్నవాళ్లను ఒకటి అడగాలి. పద్నాలుగేళ్ల పిల్లలు కోపం చేతులతోనే చూపించాలని ఎక్కడ నేర్చుకున్నారు? ఇంట్లో నాన్న, బడిలో సారు, సినిమాలో హీరో, ముగ్గురూ ఒకే సిలబస్ చెప్పారు. పిల్లలు ఆ ఒక్క సబ్జెక్టులో ఫస్టున పాసయ్యారు.

2025 మార్చిలో విజయనగరం జిల్లా బొబ్బిలి మండలం పెంట గ్రామ ఉన్నత పాఠశాలలో హెడ్మాస్టరు అసెంబ్లీ ముందుకొచ్చారు. కొట్టలేం, తిట్టలేం, చేతులు కట్టేసుకొని నిలబడ్డాం అన్నారు. అని, పిల్లల ముందు సాష్టాంగపడి గుంజీలు తీశారు. వీడియో రెండు రాష్ట్రాలూ తిరిగింది. ఆంధ్రప్రదేశ్ విద్యామంత్రి లోకేశ్ మెచ్చుకున్నారు. మనమూ చూసి, ఫార్వర్డ్ చేసి, రెండు చేతుల బొమ్మ పెట్టాం. అంటే గుంజీలు రద్దు కాలేదు, ఎవరు తియ్యాలన్నది మారింది, అంతే. ఆయన అడిగింది ఏమిటో మాత్రం ఎవరికీ వినపడలేదు. నేనేం చెయ్యాలో చెప్పండని ఆ గుంజీలే అడిగాయి. మనం 'భలే చేశారు' అన్నాం.

జవాబు కోర్టు చెప్పింది. 2025 జూలై 25న సుప్రీంకోర్టు, విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌లో ఉన్న ఒక అమ్మాయి మరణం కేసులో, 100 మంది గానీ అంతకు మించి గానీ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలని మార్గదర్శకాలిచ్చింది. అదే పనికి ఇప్పుడు మన మండల బళ్లల్లో ఎవరున్నారంటే డ్రిల్లు సారు. ఆయన దగ్గర విజిల్ ఉంటుంది. పిల్లవాడు ఏడుస్తుంటే ఊదుతారు, ఏడుపు ఆగకపోతే గ్రౌండ్ చుట్టూ తిప్పుతారు. దాన్నీ కౌన్సెలింగ్ కింద రాసుకొనే రోజు దగ్గరలోనే ఉంది. పై నుంచి 'కౌన్సెలర్ ఉన్నారా, లేరా' అని గూగుల్ ఫారం వస్తుంది. 'లేరు' అని పెడితే ఫారం సబ్మిట్ కాకపోతే సారు ఏం చేస్తాడు? 'ఉన్నారు' అని నొక్కుతాడు.

కాబట్టి తల్లిదండ్రుల సమావేశానికి పోయే బషీరాబాద్ అమ్మలకు, నాన్నలకు ఒకటే మనవి. ఆ పాత ఉర్దూ ఒప్పందం ఇంట్లోనే పెట్టి పోండి. పోయాక సారును మార్కులు అడగండి, గైర్హాజరు అడగండి, మన బడికి కౌన్సెలర్ ఎప్పుడొస్తారని అడగండి. సారు దగ్గర జవాబు ఉండదు. ఆ ప్రశ్నే కాగితం మీద రాసి, అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీతో సంతకాలు పెట్టించి, ఎమ్మీవో ఆఫీసులో ఇచ్చి, ముద్ర వేయించుకొని రండి.