నలుపు కింద ఇత్తడి

నా భుజం అంచున, మెడపట్టా రింగు ఊగుతూ రాసుకునే చోట, శనగబద్దంత మేర నల్లరంగు పోయి పచ్చగా మెరుస్తుంటుంది. కొత్తగా చూసినవాళ్లు బంగారు పూతేమో అనుకుంటారు. కాదు, ఇత్తడి. మీ అమ్మమ్మ చింతపండు పెట్టి తోమిన బిందె మాకు దగ్గర చుట్టమే. పైన పటారం లోన లొటారం అంటారు కదా, నా విషయంలో అది తిరగబడింది. పైనున్నది ఉత్త రంగు. సరుకంతా లోపలే.

నేను నికాన్ ఎఫ్ఎమ్2ని. మా రకం 1982లో జపాన్‌లో పుట్టింది. సెకనులో 4000వ వంతులో తెరుచుకుని మూసుకునే షట్టర్ అప్పట్లో ఎస్సెల్లార్ కెమెరాల్లో మాకే ఉండేది. దాని రేకులు టైటానియంవి, తేనెపట్టులా గళ్లు ఒత్తి పల్చన చేసినవి. 1984లో కాస్త మార్పులు చేసి మళ్లీ వదిలారు, నేను ఆ కాన్పు. అందుకే నా నంబరు ముందు ‘ఎన్’ అన్న అక్షరం ఉంటుంది. 540 గ్రాములు తూగుతాను. బ్యాటరీ వెలుతురు కొలవడానికే, అది చచ్చినా నా పని ఆగదు. ఈ గొప్పలు ఇక్కడికి చాలు. నేను చెప్పాలనుకున్నది నా ఒంటి రంగు సంగతి.

మా పెద్దాయనది రాజమండ్రిలో చిన్న ఫొటో స్టూడియో. 1986లో కువైట్ నుంచి సెలవుకి వస్తున్న బావమరిదితో కెమెరా తెమ్మని చెప్పి పంపాడు. ఆయన అడిగింది వెండి రంగుది. ఆ అంగట్లో ఆ రోజుకి నల్లదే ఉందట, పైగా దానికి నాలుగు డబ్బులు ఎక్కువట. కస్టమ్స్ వాళ్ల కంట పడకుండా పెట్టె అక్కడే పారేసి, నన్ను లుంగీలో చుట్టి తెచ్చాడా మహానుభావుడు. విప్పగానే ఇంటావిడ ముఖం ముడుచుకుంది.

“పెళ్లిళ్లకి పట్టుకెళ్లే వస్తువు ఇంత నల్లటిదేంట్రా అబ్బాయ్?”

“నలుపు నారాయణ మెచ్చు అంటారుగా అక్కా” అన్నాడు బావమరిది. అందరూ నవ్వారు. నవ్వారే గానీ నన్ను ఒప్పుకోలేదు. నా మొదటి పెళ్లిలో, జీలకర్ర బెల్లం పెట్టే ముహూర్తానికి, పెళ్లికూతురి మేనత్త అడ్డొచ్చింది. “ఆ నల్లదాన్ని పిల్ల ముఖం ముందు పెట్టకు నాయనా” అంది. పెద్దాయన మారు మాట్లాడకుండా పురోహితుడి పళ్లెంలోంచి వేలితో కుంకుమ తీసి నా నెత్తిన బొట్టు పెట్టాడు. ఆవిడ తప్పుకుంది. ఆ తర్వాత ఏ దసరాకీ ఆయుధ పూజలో నాకు పసుపూ కుంకుమా తప్పలేదు. నా ముందు తెల్లటి అక్షరాలతో చెక్కిన పేరుంటుంది. అందులో మొదటి అక్షరం సందులో ఆ కుంకుమ ఈనాటికీ ఎర్రగా ఉంది. ఎంత తుడిచినా పోలేదు, తుడవడం వాళ్లే మానేశారు.

నలుపు దేనికో మా పెద్దాయనకి తెలిసింది పెళ్లిళ్లలో కాదు. పెళ్లి ఫొటోగ్రాఫర్‌ని నలుగురూ చూడాలి, చూసి సర్దుకుని నిలబడాలి. స్టూడియోలో ఇంకో పని ఉండేది. చనిపోయిన తాతగారి ఫొటో అద్దాల ఫ్రేముతో సహా పట్టుకొచ్చి, దీనికి ఇంకో రెండు కాపీలు కావాలనేవారు. ఫ్రేము విప్పితే ఫొటో అద్దానికి అంటుకుని చిరుగుతుంది, కాబట్టి అద్దం మీంచే తీయాలి. ఆయన పాత కెమెరా వెండి రంగుది. దానితో తీస్తే తాతగారి తలపాగా మీద తెల్లటి మచ్చ పడేది. అది అద్దంలో ఆ కెమెరా ప్రతిబింబమే. ఆయన నల్లటి అట్టకి కన్నం చేసి, దాని వెనక దాక్కుని తీసేవాడు. నేనొచ్చాక ఆ అట్ట అటకెక్కింది. నల్ల చొక్కా తొడుక్కుని నన్ను ఎదురుగా పెడితే అద్దంలో మేమిద్దరం కనపడేవాళ్లం కాదు.

1991 పుష్కరాల్లో అది ఇంకా బాగా తెలిసొచ్చింది. తెల్లవారుజామున ఘాట్ మెట్ల మీద ఒక ముసలాయన, తడి పంచెతో, ఒళ్లో విస్తరాకు పెట్టుకుని పిండం కలుపుతున్నాడు. పెదవులు కదులుతున్నాయి, చేతులు వణుకుతున్నాయి. పక్కనే ఇంకో ఫొటోగ్రాఫర్ వెండి రంగు కెమెరా ఎత్తాడు. కరెంటు దీపం దాని నెత్తిన తళుక్కుమంది. ముసలాయన తలెత్తాడు, పంచె సర్దుకున్నాడు, బిగుసుకుపోయాడు. పెద్దాయన కాసేపు ఊరుకున్నాడు. ఆ మనిషి మళ్లీ పిండంలో పడ్డాక నన్ను ఎత్తి ఒక్కటి నొక్కాడు. నా షట్టర్ చప్పుడు చిన్నదేం కాదు, ఆ జనంలో ఎవరికి వినిపిస్తుంది? ఆ ఫొటో ఇప్పటికీ స్టూడియో గోడ మీద ఉంది.

రాత్రిళ్లు డార్క్‌రూమ్ బయట అరుగు మీద పెద్దాయన, ఆయన స్నేహితులు టీ తాగుతూ మాట్లాడుకునే మాటల్లో మా వంశ చరిత్ర విన్నాను. 1925లో లైకా కెమెరా అమ్మకానికి వచ్చినప్పుడు అది నల్లదేనట, పూసిన రంగు మీద నికెల్ మీటలతో. 1930ల్లో క్రోమ్ పూత వచ్చింది. క్రోమ్ గట్టిది, గీతలు పడదు, ఏళ్లు గడిచినా తెల్లమొహం వేసుకునే ఉంటుంది. అందరూ దానికి ఎగబడ్డారు. మరి పత్రికల వాళ్లు మళ్లీ నలుపు కోసం ఎందుకు వెనక్కి వచ్చారంటే, పిండం కలిపే ముసలాయన్ని అడగండి. ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియే బ్రెసాన్ తన లైకా మెరుపు కనపడకుండా నల్లటి టేపు చుట్టేవాడట. 1948 జనవరి 30న గాంధీగారు పోయే కాసేపటి ముందు బ్రెసాన్ ఆయన్ని కలిశాడట. దాక్కోవడానికే పుట్టిన రంగు మాది.

మెరవడానికి పుట్టినవీ ఉన్నాయి. 1928లో కొడాక్ వాళ్లు ఆడవాళ్ల కోసమని ‘వానిటీ కొడాక్’ అని తెచ్చారు. అయిదు రంగులు, అయిదింటికీ పిట్టల పేర్లు. నీలానికి బ్లూబర్డ్, ఎరుపుకి రెడ్‌బ్రెస్ట్, బూడిద రంగుకి సీగల్, అలా. కెమెరా రంగుకి తగ్గ పెట్టె కూడా ఇచ్చేవారు. చీర మీదికి గాజుల్లాగా. నేను ఎగతాళి చేయడం లేదు, నాకూ కొంచెం అసూయే. నన్ను ఏ చీరకీ ఎవరూ జత చేయలేదు.

నలుపుకి మా ప్రాంతంలో ఒక శిక్ష ఉంది, ఎండ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, అలాంటి ఎండలో నా నెత్తి మీద చెయ్యి పెట్టలేరు. లోపల ఫిల్ము ఉడికి రంగులు మారతాయని పెద్దాయన తెల్ల తువ్వాలు కప్పేవాడు. క్రికెట్ మైదానాల అంచున బారులు తీరే ఆ తెల్లటి పొడుగు లెన్సులు చూశారుగా. ఎండకి లోపలి గాజు వేడెక్కకూడదనే కానన్ వాళ్లు వాటికి ఆ రంగు వేశారు. ఇప్పుడు అదే హోదా గుర్తయిపోయింది.

ఇక అరుగుదల. క్రోమ్ కెమెరా పాతికేళ్లు ఎవరి చేతిలో ఉందో చూసి చెప్పలేరు. నన్ను చూసి చెప్పొచ్చు. మా పెద్దాయన ఎడమ కన్నుతో చూసే మనిషి. ఫిల్ము తిప్పే మీటని కొంచెం బయటికి లాగి ఉంచితేనే నా లైట్ మీటర్ పనిచేస్తుంది. ఎడమ కన్ను పెట్టేవాళ్లకి ఆ మీట కొస నుదుటికి గుచ్చుకుంటుంది. ఆయన నుదుటి మీద కుడి కనుబొమ్మ పైన చిన్న నొక్కు ఉండేది, నా మీట కొసన రంగు లేదు. ఇద్దరం సరిపెట్టుకున్నాం. అడుగున ఒక మూల ఇంకా ఎక్కువ పచ్చన. అది ఆయన బెల్టు బకిల్ చేసిన పని.

ఈ అరుగుదలకి కూడా ఇప్పుడు వెల కట్టారు. 2015లో లైకా వాళ్లు గాయకుడు లెనీ క్రావిట్జ్‌తో కలిసి ఒక కెమెరా చేశారు. కొత్తదానికే చేత్తో రంగు అరగదీసి, ఇత్తడి బయటపెట్టి, 125 సెట్లు మాత్రమే వదిలారు. కొన్న రోజునే పాతికేళ్ల పాతది! పెళ్లి కాకుండానే షష్టిపూర్తి చేసుకున్నట్టుంది నాకు.

2005 నాటికి స్టూడియోలోకి డిజిటల్ వచ్చింది. ఇంటావిడకి అప్పటికి నా మీద ప్రేమ కలిగింది. “ఉన్న రంగన్నా పోకుండా ఉంటుంది” అని నన్ను తోలు తొడుగులో పెట్టి, బొత్తాం నొక్కి, బీరువాలో పట్టుచీరల కింద దాచింది. ఆ చీకట్లో ఎన్ని వానాకాలాలు గడిచాయో లెక్క పెట్టలేదు. తోలు చెమ్మ పీల్చింది. చెమ్మ నా లెన్సులోకి పాకింది. బూజు సాలెగూడులా అల్లుకుంది. రంగు మాత్రం, ఆవిడ అన్నట్టే, చెక్కు చెదరలేదు.

మొన్న మనవరాలు వచ్చి తీసింది. హైదరాబాద్‌లో ఉద్యోగం, మెడలో మా ఇంటి బిడ్డే, 2021లో నా పోలికలతో వచ్చిన నికాన్ జడ్ ఎఫ్‌సి. ఒళ్లంతా లేత పుదీనా రంగు తోలు. దాని తర్వాత 2023లో వచ్చిన జడ్ ఎఫ్‌కైతే పైన చక్రాలు ఇత్తడితోనే చేశారట. ఆ మాట విన్నప్పుడు మనసు కుదుటపడింది.

“తాతయ్యా, దీన్ని నాకిచ్చేయవా?”

“పట్టుకెళ్లమ్మా, చూపించాలంటే డబ్బులవుతాయి మరి” అన్నాడు పెద్దాయన. నన్ను ఎత్తి అలవాటుగా ఎడమ కంటికి పెట్టుకున్నాడు. మీట నుదుటికి తగిలింది. “అబ్బా” అన్నాడు.

కోఠిలో రిపేరు చేసే ఆయన లెన్సు విప్పి, బూజు తుడిచి, ఒక మూల గాజు మీద మచ్చ పోదని చెప్పాడు. తర్వాత నా ఒళ్లంతా తిప్పి చూశాడు.

“పైన రంగు కొట్టిస్తే కొత్తదాని లెక్క అయితది మేడం. చేయమంటరా?”

“వద్దన్నా. అది తాతయ్య చెయ్యి.”

“మంచిదే. రంగు కొడితే రేటు కూడ తక్కువే వస్తది” అన్నాడాయన.

ఇప్పుడు నేను ఆ పిల్ల గదిలో కిటికీ పక్కన అల్మరాలో ఉంటాను, పుదీనా రంగు దాని పక్కనే. ఆదివారాల్లో బయటికి తీసుకెళుతుంది. చార్మినార్ దగ్గర గాజులమ్మేవాళ్లు దాన్ని చూసి “ఏం కెమెరా మేడం, రంగు బాగుంది” అంటారు. నన్ను ఎవరూ పట్టించుకోరు. ఫొటో అప్పుడు నాతో తీస్తుంది. మీ ఇంట్లోనూ బీరువా అడుగున నాలాంటిది ఒకటి పడి ఉంటే, అది నల్లదైనా తెల్లదైనా, వానలు మొదలవకముందే ఆ తోలు తొడుగులోంచి బయటికి తీయండి.