వారసులు లేని కప్పు

నేను డెక్కన్ చార్జర్స్ జెర్సీని. నీలం రంగు, గుండె మీద దూకుతున్న ఎద్దు బొమ్మ. ఆటగాడు తొడిగినదాన్ని కాను, అభిమాని కొనుక్కున్నదాన్ని. ఎక్కడ కుట్టారో, ఏ మూటలో వచ్చానో గుర్తులేదు. కోఠి ఫుట్‌పాత్ మీద హ్యాంగరుకు వేలాడుతున్నప్పటి నుంచే నా జ్ఞాపకాలు. 2009 వేసవిలో, ఇంటర్ పరీక్షలు రాసిన ఓ కుర్రాడు బేరమైనా ఆడకుండా నన్ను కొన్నాడు.

అంతకు ముందు ఏడాది మా జట్టు పరువు పోయింది. 2008లో జరిగిన తొలి ఐపీఎల్‌లో లక్ష్మణ్ కెప్టెన్సీలో మొదలుపెట్టి, 14 మ్యాచ్‌ల్లో రెండే గెలిచి అట్టడుగున నిలిచింది. ఉప్పల్‌లో ఆడిన ఏడూ ఓడింది. మరుసటి ఏడు సార్వత్రిక ఎన్నికలు రావడంతో టోర్నీ మొత్తం దక్షిణాఫ్రికాకు తరలిపోయింది.

మే 24న జొహానెస్‌బర్గ్‌లో ఫైనల్. గిల్‌క్రిస్ట్ తొలి ఓవర్లోనే సున్నాకు ఔటయ్యాడు. నా కింద ఆ పిల్లాడి గుండె దడదడలాడింది. గిబ్స్ చివరిదాకా నిలబడి 53 కొట్టాడు. మొత్తం 143. కుంబ్లే నాలుగు వికెట్లు తీసినా, బెంగళూరు 137 దగ్గరే ఆగిపోయింది. ఆరు పరుగులు! వాడు నన్ను విప్పి తల మీద గిరగిరా తిప్పుతూ వీధిలోకి పరిగెత్తాడు. ఆ రాత్రి గర్వం ఇప్పటికీ నా నూలుపోగుల్లో ఉంది.

కానీ ఆ చాంపియన్లను ఊరు కళ్లారా చూసుకోలేకపోయింది. 2010లో రాష్ట్రంలోని పరిస్థితుల వల్ల మా 'సొంత' మ్యాచ్‌లు నాగ్‌పూర్, కటక్, నవీ ముంబైలకు వెళ్లాయి. ఉప్పల్‌కు తిరిగొచ్చేసరికి 2011. అప్పటికి వేలంలో గిల్‌క్రిస్ట్ పంజాబ్‌కు, రోహిత్ శర్మ ముంబైకి పోయారు. 2012లో విశాఖలో చివరి బంతికి సిక్సర్ కొట్టి మమ్మల్ని ఓడించింది ఆ రోహితే. ఆ రాత్రి వాడు అన్నం తినలేదు. నన్ను కూడా విప్పలేదు.

అదే ఏడాది సెప్టెంబరులో క్రికెట్ బోర్డు ఫ్రాంచైజీ ఒప్పందాన్ని రద్దు చేసింది. డబ్బు కరవైన జట్టుకు కప్పు గెలిచిన చరిత్ర ఏ పూచీకీ పనికిరాలేదు. కొన్ని నెలలు తిరిగేసరికి కొత్త యజమాని, సన్‌రైజర్స్ అని కొత్త పేరు, కాషాయం రంగు. మా ఇంట్లోకీ ఓ కాషాయం జెర్సీ వచ్చింది. నేను బీరువా అడుగుకు చేరాను.

ఎన్నేళ్లు అక్కడున్నానో! నాఫ్తలిన్ ఉండలు కరిగిపోయాయి. ఎద్దు కొమ్ము పెచ్చులుగా రాలింది. ఒకసారి అమ్మ నన్ను బయటికి తీసింది.

"ఈ టీమ్ ఇప్పుడు లేదు గదరా, బండి తుడ్వనీకి తీస్కోనా?"

"తీస్కో అమ్మా."

ఆ ఒక్క మాట నన్ను ఇంకా కాలుస్తూనే ఉంది. నన్ను తల మీద తిప్పిన చేతులే, నాతో చెయిన్ మీది గ్రీజు తుడిచాయి. 2016లో సన్‌రైజర్స్ కప్పు గెలిచినప్పుడు దాన్ని తొలి టైటిల్ అన్నారు. లెక్క ప్రకారం నిజమే, మా కప్పు వాళ్ల ఖాతాలోకి రాదు. మరి ఎవరి ఖాతాలో ఉంది? ఊరిదే ఆ కప్పు అని ఎవరూ అనరేం?

తాత మాత్రం వరండాలో కూర్చుని హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టును తలుచుకునేవాడు. రహీం సాబ్ శిక్షణలో 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదు రోవర్స్ కప్పులు! ఆ ఆటగాళ్లు పోలీసు ఉద్యోగులు. వాళ్లను వేలంలో పాడుకునే వీల్లేదు, జట్టును మూటగట్టి వేరే ఊరికి పంపే వీల్లేదు. ఆ వైభవం కూడా మసకబారిందనుకోండి. కానీ పేరు చెబితే తాత వెన్ను నిటారయ్యేది.

తర్వాత, మళ్లీ బీరువాకే చేరిన నా పక్కకు ఓ పసుపు జెర్సీ వచ్చింది. హైదరాబాద్ ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ జట్టుది, వాడి తమ్ముడిది. 2019లో పుట్టిన జట్టు, మాలాగే తొలి సీజన్లో ఆఖరు. మాలాగే పరాయి గడ్డ మీద గెలుపు: 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఫైనల్లో, పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు షాట్లు ఆపి కేరళ జట్టును ఓడించాడు. తర్వాత గచ్చిబౌలిలో చప్పట్లు మోగాయి, అది నాకన్నా దాని అదృష్టం. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలి, పేరు కూడా మార్చుకుంది. తమ్ముడు దాన్ని మడతపెట్టి నా మీద పెట్టాడు. బండికి ఇవ్వలేదు, సంతోషం.

మీ బీరువాలోనూ నాలాంటిది ఉంటే గుడ్డపీలిక చేయకండి. ఉతికి, మడతపెట్టి ఉంచండి. పిల్లలెవరైనా ఆ ఎద్దు బొమ్మ ఏమిటని అడిగితే, 2009లో హైదరాబాద్ ఐపీఎల్ గెలిచిందని చెప్పండి.