మాస్టారి టైరు పాలిష్

నాలాంటి వాళ్ళు ఊళ్ళో ఇంకొందరు ఉండే ఉంటారన్న ధైర్యంతో ఈ సంగతి బయటపెడుతున్నాను. మోటారు సైకిల్ టైరు నల్లగా నిగనిగలాడకపోతే పరువు పోతుందని నమ్మినవాణ్ణి నేను. బండి పరువు కాదు, నా పరువు.

వెనక టైరు కొత్తది వేయించాక ఎక్కువ రోజులు గడవలేదు, పక్కలు గోధుమరంగుకి తిరిగాయి. షాపు కుర్రాడు పాత సరుకు అంటగట్టాడని తేల్చేసి, షాపుకి వెళ్ళి నలుగురి ముందూ ఆ కుర్రాణ్ణి దులిపేశాను. "అది మామూలే మాస్టారూ, రబ్బర్లోంచి మందు పైకొస్తది" అన్నాడు పాపం. మందుల సంగతి నాకు చెబుతున్నావా అన్నాను. ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పుకుని బతికేవాణ్ణి మరి. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకం కలిపిన రబ్బరుని వేడిచేసి గట్టిపరిచిన కథ ఏటేటా అభినయంతో సహా చెబుతాను.

ఇంటికొచ్చి సబ్బుపొడీ కొబ్బరిపీచూ పట్టుకున్నాను. తోమితే పోయేది, రెండెండలు తగిలేసరికి మళ్ళీ వచ్చేది. ఆ తర్వాత డీజిల్ గుడ్డ. తుడిచిన పూట మాత్రం టైరు కాకిలా మెరిసేది.

అసలు ఆ గోధుమరంగు ఎందుకొస్తుందంటే, రబ్బరుకి ఆగర్భశత్రువు ఓజోన్. పై ఆకాశంలో మనల్ని కాపాడే ఆ వాయువే నేల దగ్గర, వాహనాల పొగకి ఎండ తోడైనప్పుడు పుట్టి, రబ్బరు అణువుల్లోని ద్విబంధాలని తెంపుతుంది. సాగిన చోటల్లా బీటలు పడతాయి. ఓజోన్ ద్విబంధాన్ని తెంపుతుందని బోర్డు మీద రాసేది నేనే. వాకిట్లో నిలబెట్టిన బండి టైర్లో ఉన్నవీ అవే ద్విబంధాలని ఒక్కనాడూ తోచలేదు!

ఆ ఓజోన్‌ని అడ్డుకోడానికని టైరు తయారీలోనే 6పీపీడీ అనే రసాయనాన్నీ కొంత మైనాన్నీ కలుపుతారు. నిలిపిన బండికి మైనం పొర కాపలా. చక్రం తిరిగేటప్పుడు రబ్బరు వంగుతూ సాగుతూ ఉంటుంది కనక ఆ పొర పగులుతుంది. అప్పుడు లోపల్నించి మెల్లగా ఊరివచ్చే 6పీపీడీ, ఓజోన్ రబ్బరు జోలికి పోకముందే దానితో కలిసి తాను ఖర్చైపోతుంది. అలా ఖర్చైన మందు తాలూకు మరకే ఆ గోధుమరంగు. కుర్రాడు చెప్పింది అక్షరాలా ఇదే. నేను తోమినకొద్దీ కొత్తది ఊరేది, దాన్నీ తోమేసేవాణ్ణి. లోపలి నిల్వ ఎంతకాలం వస్తుంది? డీజిల్ మరీ అన్యాయం, రబ్బర్ని ఉబ్బించి మెత్తబరుస్తుంది.

ఆ మాటకొస్తే రబ్బరు పుట్టుకతో నలుపేం కాదు. తొలినాటి మోటారు టైర్లు తెల్లగా ఉండేవి. మసిలాంటి కార్బన్ బ్లాక్ కలిపితే అరుగుదల బాగా తగ్గుతుందని తెలిశాక నల్లబడ్డాయి.

తోమిన నీళ్ళు వీధికాలవలోకి పోయాయి. అమెరికా పశ్చిమ తీరంలో వానలు పడ్డప్పుడు కోహో సాల్మన్ చేపలు గుడ్లు పెట్టకముందే చచ్చిపోవడానికి కారణం, టైర్ల పొడిలోని 6పీపీడీ ఓజోన్‌తో కలిసి మారిన పదార్థమేనని 2020లో తేల్చారు. మా కాలవలో చేపలు లేవు కనక సరిపోయింది.

ఇంతటితో ఆగినా బావుండేది. దసరాకి ఆయుధపూజ. బండి కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూల దండ వేసి, టైరు పాలిష్ కొనుక్కొచ్చాను. సిలికాన్ సరుకు. పక్కలకి పూసి ఊరుకుంటే నేను మాస్టార్ని ఎలా అవుతాను? నేలకి ఆనే భాగానికి కూడా చుట్టూతా పట్టించాను. నిమ్మకాయలు తొక్కించి, వీధి మలుపు తిప్పుతూంటే వెనకచక్రం పక్కకి జారింది. మోచెయ్యి చెక్కుకుపోయింది, దండ తెగింది. దిష్టి తగిలిందని ఇంట్లో అంటే, అవునన్నాను. ఇవాళ్టికీ వాళ్ళు అదే అనుకుంటున్నారు.

ఆ షాపు కుర్రాడికి క్షమాపణ చెప్పలేదు. పంచరు పడితే పక్కవీధికి తోసుకెళ్తున్నాను. పాత సరుకో కాదో అతను ఆ రోజే చూపించబోయాడు. టైరు పక్కన అచ్చుపోసిన నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ ఏడాది. 2319 అని ఉంటే 2019లో 23వ వారం సరుకు. మీరైనా షాపువాడి మీద గొంతు పెంచేముందు ఒక్కసారి వంగి ఆ అంకెలు చదవండి.